పలుచని షెల్ మీద బ్రాకెట్: 240, 310, 430లలో ఏ స్ట్రెస్‌ని నమ్మాలి?

ప్రశ్న: నిలువు ప్రెజర్ వెసెల్ (లోపలి ప్రెజర్‌ని తట్టుకునే మూసిన ట్యాంకు) ఒకటి డిజైన్ చేస్తున్నాను. లోపలి వ్యాసం 2000 మి.మీ., షెల్ అంటే గోడ మందం 12 మి.మీ. (అందులో 3 మి.మీ. తుప్పు కోసం వదిలింది), లోపలి ప్రెజర్ 1 మెగాపాస్కల్. మెటీరియల్ ఎస్ఏ-516 గ్రేడ్ 70 ఉక్కు, అనుమతించిన స్ట్రెస్ 138 మెగాపాస్కల్. షెల్‌కి పైపు సపోర్టు బ్రాకెట్ వెల్డ్ చేయాలి. దానికి 200 మి.మీ. ఎత్తున్న నిలువు గసెట్లు (బలానికి పెట్టే ప్లేట్లు) రెండు, వాటి మధ్య దూరం 150 మి.మీ.; పైన అడ్డంగా ఒక ప్లేటు. షెల్ నుంచి 200 మి.మీ. దూరంలో కిందికి 20 కిలోన్యూటన్లు, పక్కకి 4 కిలోన్యూటన్ల లోడ్ వస్తుంది. 12 మి.మీ. మందంతో డబ్ల్యూఆర్‌సీ 107 (షెల్ మీది లోకల్ లోడ్లకి చార్టుల పద్ధతి) ప్రకారం లెక్కిస్తే గరిష్ఠ స్ట్రెస్ 240 మెగాపాస్కల్ వచ్చింది. ఎఫ్‌ఈఏలో (చిన్న ఎలిమెంట్ల మెష్‌గా విడగొట్టి కంప్యూటర్‌తో చేసే లెక్కలో) బ్రాకెట్‌కి అన్ని వైపులా 2.5√(వ్యాసార్ధం × మందం) దూరం, అంటే 275 మి.మీ. చొప్పున వదిలి షెల్ ముక్కని కత్తిరించి, అంచులు ఫిక్స్ చేశాను. 10 మి.మీ. మెష్‌తో 310, 5తో 365, 2.5తో 430 వచ్చాయి. పరిమితి 414 (138కి మూడు రెట్లు). దేన్ని నమ్మాలి? మా సీనియర్ 10 మి.మీ. ప్యాడ్ వేసి ముగించమంటున్నారు. సరిపోతుందా?

సమాధానం: ఈ నాలుగు అంకెల్లో దేన్నీ రిపోర్టులో పెట్టకండి. 240 తక్కువ, 430కి అర్థం లేదు. మధ్యలో ఉన్నవి రెండూ ఒకదానికొకటి ఎదురు నడిచే రెండు తప్పుల మొత్తం. మీ లెక్కల్లో నాలుగైదు విషయాలు కలగాపులగం అయ్యాయి. వాటిని విడదీస్తే సమస్య చాలావరకు తేలిపోతుంది.

మొదట మందం. 240 వచ్చిన లెక్కలో మీరు 12 మి.మీ. వాడారు. వెసెల్ చివరి రోజుల్లో బ్రాకెట్ కింద మిగిలేది 9 మి.మీ. మాత్రమే. హూప్ స్ట్రెస్ (చుట్టు దిశలో ఉండేది) మందానికి విలోమంగా మారుతుంది కాబట్టి 84 నుంచి 112కి పెరుగుతుంది. లోకల్ బెండింగ్ (ఆ చోట గోడ వంగడం వల్ల వచ్చే స్ట్రెస్) మాత్రం మందం వర్గానికి విలోమం: 12/9 వర్గం 1.78. మీ 240లో ప్రెజర్ వాటా 84, లోడ్ తెచ్చే మెంబ్రేన్ (మందం అంతటా సగటు స్ట్రెస్) 26, బెండింగ్ 130 అనుకుందాం. చార్టుల్లోని గుణకాలు పెద్దగా మారవనుకుంటే 9 మి.మీ. దగ్గర అవి 112, 35, 231 అవుతాయి, కలిపితే 378. వ్యాసార్ధం–మందం నిష్పత్తి మారినప్పుడు గుణకాలు కొంత అటూ ఇటూ అవుతాయి కాబట్టి చార్టు మళ్లీ చదవక తప్పదు. కానీ 3 మి.మీ. తుప్పు స్ట్రెస్‌ని సగానికి పైగా పెంచేసిందన్నది ఖాయం. లోకల్ లోడ్ లెక్కల్లో తరచూ జరిగే పొరపాటు ఇది. ప్రెజర్ లెక్కలో తుప్పు తీసేయడం అందరికీ అలవాటే. బ్రాకెట్ దగ్గరికి వచ్చేసరికి డ్రాయింగ్‌లో ఉన్న మందం చేతిలోకి వచ్చేస్తుంది.

ఇక అసలు విషయం. సిలిండర్ గోడ మీద ఒక్కచోట బరువు పెడితే దాని ప్రభావం రెండు వేర్వేరు దూరాల్లో పాకుతుంది. మూత లేని డబ్బా నడుముని బొటనవేలితో నొక్కి చూడండి: వేలి కింద చిన్న సొట్ట పడుతుంది, దూరంగా ఉన్న మూతి కూడా కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. సొట్టది పొట్టి దూరం, మూతి సాగడానిది పొడుగు దూరం.

పొట్టి దూరానికి కొలత √(వ్యాసార్ధం × మందం). తుప్పు తీసేస్తే మీ షెల్ సగటు వ్యాసార్ధం 1007.5, మందం 9, కాబట్టి ఆ విలువ 95 మి.మీ. చుట్టూ ఒకే తీరుగా ఉండే అంచు బెండింగ్ దీన్ని 1.285తో భాగిస్తే వచ్చే 74 మి.మీ. దూరంలో మూడో వంతు కన్నా కొంచెం ఎక్కువకి పడిపోతుంది. 2.5√(వ్యాసార్ధం × మందం) అన్న ప్రసిద్ధ సూత్రం పుట్టింది ఇక్కడే. ఆ దూరం దాటాక అంచు బెండింగ్‌లో మిగిలేది నూటికి నాలుగు వంతులే.

కానీ ఆ సూత్రం చుట్టూ సమానంగా ఉన్న లోడ్‌కి. మీ లోడ్ ఒక పక్కన ఉంది. అది వృత్తాన్ని కోడిగుడ్డు ఆకారానికి తెచ్చే భాగాన్ని కూడా కలిగిస్తుంది. ఆ భాగం పొడుగునా చాలా నెమ్మదిగా తగ్గుతుంది, ఎందుకంటే పలుచని గోడ వృత్తం దిశలో వంగడానికి పెద్దగా ఎదురు చెప్పదు. సెమీ-మెంబ్రేన్ సిద్ధాంతంతో (పొడవాటి సిలిండర్ షెల్‌లకి వాడే సరళమైన లెక్క) మీ కొలతలకి లెక్కిస్తే, అది మూడో వంతుకి తగ్గడానికి పట్టే దూరం సుమారు 8 మీటర్లు. ఒక పక్క 74 మి.మీ., ఇంకో పక్క 8 మీటర్లు. గోడ ఎంత పలుచనైతే మొదటిది అంత కుదించుకుంటుంది, రెండోది అంత సాగుతుంది.

మీరు 275 మి.మీ. దగ్గర కత్తిరించి అంచులు బిగించడంతో ఈ రెండో భాగం పూర్తిగా అణగిపోయింది. బ్రాకెట్ చుట్టూ అసలు వెసెల్‌లో లేని గట్టి చట్రం ఏర్పడింది. లోడ్‌లో కొంత ఆ చట్రంలోకి పోయి, బ్రాకెట్ అంచున స్ట్రెస్ తక్కువ చూపింది. మీ బ్రాకెట్ పైభాగం షెల్‌ని బయటికి లాగుతుంది, కిందిభాగం లోపలికి తోస్తుంది కాబట్టి కోడిగుడ్డు ప్రభావం కొంతమేర తనకు తానే రద్దవుతుంది. నేరుగా రేడియల్‌గా నెట్టే లోడ్ అయితే తేడా ఇంకా పెద్దది. ఏదేమైనా మోడల్ పొడవుని √(వ్యాసార్ధం × మందం)తో నిర్ణయించకండి. నిజంగా గుండ్రతనాన్ని నిలబెట్టే డిష్డ్ ఎండ్ (వెసెల్ వంపు మూత) గానీ స్టిఫెనింగ్ రింగ్ (గోడని బిగబట్టే చుట్టు పట్టీ) గానీ ఎక్కడుందో అక్కడిదాకా తీసుకోండి. షెల్ ఎలిమెంట్లతో మొత్తం వెసెల్ మోడల్ చేసినా మామూలు కంప్యూటర్ మీద కొద్ది నిమిషాల పని. ముక్కలు కోసి ఆదా చేసేది ఏమీ లేదు.

మోడల్ సిద్ధమయ్యాక ఫలితం చూసేముందు మూడు చిన్న పరీక్షలు పెట్టండి. ప్రెజర్ ఒక్కటే పెట్టి బ్రాకెట్‌కి దూరంగా హూప్ స్ట్రెస్ 112 వస్తోందా చూడండి. 84 వస్తే మందం ఇంకా 12 దగ్గరే ఉందన్నమాట. తర్వాత బ్రాకెట్ లోడ్ ఒక్కటే పెట్టి సపోర్టు రియాక్షన్లు కూడండి. 20, 4 కిలోన్యూటన్లు సరిగ్గా తేలాలి. ఇక వెసెల్‌ని పూర్తిగా కాక కొంతవరకే మోడల్ చేసి ఉంటే, పొడవు రెట్టింపు చేసి మళ్లీ నడపండి. బ్రాకెట్ దగ్గర స్ట్రెస్ రెండు మూడు శాతానికి మించి కదిలితే అది పొట్టిది.

ఇప్పుడు 310, 365, 430 సంగతి. గసెట్ చివర షెల్‌ని తాకే మూల గణితపరంగా ఒక సింగులారిటీ. మెష్ సగం చేసిన ప్రతిసారీ అంకె పెరుగుతూనే ఉంటుంది, ఎక్కడా ఆగదు. 1.25 మి.మీ.కి వెళ్తే 500 దాటినా ఆశ్చర్యం లేదు. దాన్ని 414తో పోల్చడం అర్థం లేని పని. పైగా షెల్ ఎలిమెంట్లు కలిసే నోడ్ ప్లేట్ల మధ్యతలాల మీద ఉంటుంది. నిజంగా పగులు మొదలయ్యే చోటు వెల్డ్ టో, అంటే వెల్డ్ అంచు షెల్‌ని కలిసే గీత. 12 మి.మీ. గసెట్‌కి 8 మి.మీ. లెగ్ (భుజం) ఉన్న వెల్డ్ అనుకుంటే, గసెట్ పక్కన టో నోడ్ నుంచి 6 + 8 = 14 మి.మీ. దూరాన ఉంటుంది, గసెట్ చివర 8 మి.మీ. దూరాన. స్ట్రెస్ చదవాల్సింది అక్కడ. ఎలిమెంట్ సైజు బ్రాకెట్ చుట్టూ షెల్ మందం అంత (9 మి.మీ.), ఎనిమిది నోడ్ల క్వాడ్రాటిక్ ఎలిమెంట్లు, దూరం పోయేకొద్దీ √(వ్యాసార్ధం × మందం)లో పావు వంతు, అంటే 24 మి.మీ. దాకా పెంచవచ్చు. టో దగ్గర చదివిన విలువ 9, 4.5 మెష్‌ల మధ్య పెద్దగా మారకూడదు.

లోడ్ పెట్టే తీరు కూడా చూసుకోండి. బ్రాకెట్ ఆనే చోటుని రిజిడ్ లింకులతో బిగించి ఒక నోడ్ మీద మూమెంట్ పెట్టేవాళ్లున్నారు. అలా చేస్తే గసెట్ల మధ్య ఉన్న షెల్ వంగకుండా పోతుంది, అంచున అబద్ధపు స్ట్రెస్ పుడుతుంది. గసెట్లు, పై ప్లేటు నిజంగానే మోడల్ చేసి, లోడ్‌ని పైపు ఆనేచోట పెట్టండి.

స్ట్రెస్‌ని విడగొట్టడం దగ్గర ఎక్కువమంది జారతారు కాబట్టి దీన్ని కాస్త దగ్గర నుంచి చూద్దాం. గసెట్ కింది చివర షెల్ లోపలికి నెట్టబడుతుంది. అక్కడ హూప్ దిశలో లోపలి ముఖం మీద +300, బయటి ముఖం మీద −120 వచ్చాయనుకోండి. సగటు 90, ఇది మెంబ్రేన్. తేడాలో సగం 210, ఇది బెండింగ్. మెంబ్రేన్ 90లో ప్రెజర్ 112 ఇస్తే లోడ్ 22 తగ్గించింది. లోపలికి తోసే చోట లోడ్ తెచ్చే మెంబ్రేన్ కంప్రెషన్ కాబట్టి ఈ మైనస్ గుర్తు సరైనదే. ఇప్పుడు ఇదే పని వాన్ మీసెస్ విలువలతో (అన్ని దిశల స్ట్రెస్‌నీ ఒకే అంకెగా కలిపేవి) చేయండి. వాటికి గుర్తు ఉండదు. లెక్క తేలికగా ఉండాలని రెండో దిశని వదిలేస్తే 300, 120ల సగటు 210. లోకల్ మెంబ్రేన్ పరిమితి అనుమతించిన స్ట్రెస్‌కి 1.5 రెట్లు, అంటే 207. ఒక పద్ధతిలో నిక్షేపంగా పాసైన షెల్ ఇంకో పద్ధతిలో ఫెయిలైంది. షెల్‌లో ఏమీ మారలేదు, కూడిన వరుసే మారింది. కాబట్టి ముందు హూప్, లాంగిట్యూడినల్, షియర్ భాగాల్ని విడివిడిగా సగటు చేసి మెంబ్రేన్, బెండింగ్ తీయండి. ఆ తర్వాతే వాన్ మీసెస్ కట్టండి.

ఏఎస్ఎంఈ (అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం) కోడ్ సెక్షన్ 8 డివిజన్ 2, పార్ట్ 5 వర్గీకరణలో ఓపెనింగ్ లాంటి చోట్ల బయటి లోడ్ తెచ్చే మెంబ్రేన్‌ని లోకల్ ప్రైమరీగా (లోడ్‌ని మోసేదిగా), బెండింగ్‌ని సెకండరీగా (షెల్ కొంచెం లొంగితే తగ్గేదిగా) తీసుకుంటారు. బ్రాకెట్లకీ అదే అలవాటు. మొదటిదానికి 207, రెండూ కలిపితే 414. కానీ బెండింగ్‌ని సెకండరీ అనడం వెనక ఒక నమ్మకం ఉంది: ఆ చోట షెల్ ఈల్డ్ అయినా (శాశ్వతంగా సాగినా) చుట్టుపక్కల భాగం బరువు అందుకుంటుందని. పైపు బరువు ఎక్కడికీ పోదు. అందుకే వ్యాసార్ధం–మందం నిష్పత్తి 112 ఉన్న మీ షెల్‌కి లిమిట్ లోడ్ విశ్లేషణ (షెల్ కూలిపోతుందా అని చూసే లెక్క) కూడా చేయమని గట్టిగా చెబుతాను. మెటీరియల్‌ని ఎలాస్టిక్–పర్ఫెక్ట్లీ ప్లాస్టిక్‌గా (ఈల్డ్ దాటాక స్ట్రెస్ పెరగకుండా సాగేదిగా), ఈల్డ్ 207 మెగాపాస్కల్ (138కి 1.5 రెట్లు) పెట్టి, ప్రెజర్‌నీ బ్రాకెట్ లోడ్లనూ 1.5 రెట్లు చేసి, స్మాల్ డిస్‌ప్లేస్‌మెంట్ సిద్ధాంతంతో నడపండి. లెక్క కన్వర్జ్ అయితే (స్థిరమైన జవాబుకి చేరితే) కూలిపోయే ప్రమాదం లేనట్టే. అప్పుడు లోకల్ మెంబ్రేన్, బెండింగ్ వర్గీకరణ మీద వాదనలు అక్కర్లేదు. 414 పరిమితిని మాత్రం విడిగా చూసుకోవాలి. అది చక్రీయంగా ప్లాస్టిక్ వికృతి పేరుకుపోకుండా కాపాడేది.

డబ్ల్యూఆర్‌సీ 107ని తీసిపారేయమని కాదు. బైలార్డ్ 1950లలో చేసిన ఫోరియర్ శ్రేణుల లెక్కల ఆధారంగా 1965లో వచ్చిన పద్ధతి అది. 2010లో డబ్ల్యూఆర్‌సీ 537గా మళ్లీ వచ్చింది. ప్రాథమిక డిజైన్‌కి ఇప్పటికీ పనికొస్తుంది. దాని హద్దులు తెలియాలి, అంతే. అది బ్రాకెట్‌ని నిండు దిమ్మెగా చూసి లోడ్‌ని ఆ వైశాల్యమంతా పరుస్తుంది. మీ బ్రాకెట్ రెండు సన్నని నిలువు గీతల మీద ఆనుతోంది, కింద మూసి లేదు. ఆ పద్ధతి స్ట్రెస్ చూసేది పై, కింది, ఎడమ, కుడి అంచుల మధ్యలో ఉన్న నాలుగు బిందువుల దగ్గర. మీకు నిలువు లోడ్ 4 కిలోన్యూటన్–మీటర్ల లాంగిట్యూడినల్ మూమెంట్, పక్క లోడ్ 0.8 కిలోన్యూటన్–మీటర్ల సర్కమ్ఫరెన్షియల్ మూమెంట్ ఇస్తున్నాయి. రెండూ కలిసి గట్టిగా నొక్కేది ఒక గసెట్ కింది మూలని. నాలుగు బిందువుల్లో ఆ మూల లేదు. 0.8 చిన్నదని వదిలేయకండి: ఒకే పరిమాణం మూమెంట్‌కి షెల్ పొడవు దిశలో కంటే చుట్టు దిశలో బాగా మెత్తగా ఉంటుంది. పక్క లోడ్ అటూ ఇటూ తిరిగేదైతే రెండు గుర్తులతోనూ నడపాలి.

ఇక ప్యాడ్. మంచి ఆలోచనే, కానీ దానితో లెక్క ముగియదు. లెక్క రెండు చోట్ల చేయాలి: బ్రాకెట్ అంచున షెల్, ప్యాడ్ కలిపి ఒకసారి, ప్యాడ్ అంచున 9 మి.మీ. షెల్ ఒక్కదానితో, ప్యాడ్ కొలతనే బ్రాకెట్ కొలతగా తీసుకుని ఇంకోసారి. రెండో లెక్క మరచిపోతే సమస్యని 75 మి.మీ. పక్కకి జరిపినట్టే. మొదటి లెక్కలోనూ ఒక గొయ్యి ఉంది. 9, 10 కలిపి 19 మి.మీ. అనేసుకుంటే బెండింగ్ 19 వర్గం, అంటే 361 ప్రకారం తగ్గుతుంది. నిజానికి ప్యాడ్ చుట్టుకొలత వెంటే వెల్డ్ అయి ఉంటుంది, మధ్యలో రెండు ప్లేట్లు ఒకదానిమీద ఒకటి జారతాయి. పూర్తిగా జారితే పనిచేసేది 81 + 100 = 181. దాదాపు సగం. నిజం ఈ రెండింటి మధ్య ఉంటుంది. 181తో లెక్కించి పాసైతే నిశ్చింతగా ఉండొచ్చు.

ప్యాడ్‌ని బ్రాకెట్ దాటి నాలుగు వైపులా 75 మి.మీ. పెంచండి, 300 × 350 అవుతుంది. మూలలు 50 మి.మీ. వ్యాసార్ధంతో గుండ్రం చేయాలి. చదరపు మూల వెల్డ్‌కి శత్రువు. మందం షెల్‌కి 1.5 రెట్లు దాటనివ్వకండి, ప్యాడ్ అంచున కాఠిన్యం ఒక్కసారిగా మారిపోతే కొత్త తలనొప్పి. అడుగున 6 మి.మీ. టెల్‌టేల్ రంధ్రం తప్పనిసరి. వెల్డింగ్ వేడికి లోపల చిక్కిన గాలి దారి లేకపోతే చివరి పాస్‌లో బుడగలు పెడుతుంది. తర్వాత షెల్ లీకైనా ముందు తెలిసేది ఆ రంధ్రం దగ్గరే. దాన్ని వెల్డ్ చేసి మూసేయొద్దు, గ్రీజు పెట్టి వదిలేయండి. ప్యాడ్ షెల్ వంపుకి అతికేలా రోల్ చేసి ఉండాలి. కింద సందు ఉంటే లోడ్ మొత్తం అంచు వెల్డ్‌ల మీదే పడుతుంది.

నన్నడిగితే ప్యాడ్‌కన్నా ముందు బ్రాకెట్‌ని మారుస్తాను. 4 కిలోన్యూటన్–మీటర్ల మూమెంట్‌ని 200 మి.మీ. ఎత్తు మీద జంటగా మారిస్తే పైన 20 కిలోన్యూటన్ల లాగుడు, కింద 20 కిలోన్యూటన్ల తోపుడు. గసెట్ ఎత్తు 350 చేస్తే అవి 11.4కి దిగుతాయి. కొంచెం ప్లేటుతో దాదాపు నలభై శాతం తగ్గింపు. కింద గసెట్ల చివరలు విడిగా వదిలేయకుండా ఒక అడ్డ ప్లేటుతో కలపండి. ఇప్పుడున్న తీరులో రెండు కత్తి మొనలు షెల్‌ని పొడుస్తున్నాయి. అడ్డ ప్లేటు ఆ తోపుడుని 150 మి.మీ. వెడల్పుకి పరుస్తుంది. పైపుని షెల్‌కి దగ్గరగా తేగలిగితే ఇంకా మేలు: 200 నుంచి 150కి వస్తే మూమెంట్ పావు వంతు తగ్గినట్టు. లోడ్ బాగా పెద్దదై, ఒకే ఎత్తులో మూడు నాలుగు బ్రాకెట్లుంటే విడివిడి ప్యాడ్లు మానేసి షెల్ చుట్టూ పూర్తి రింగ్ వేయడమే సరైన దారి. కోడిగుడ్డు ఆకారానికి అసలు మందు రింగే.

పైపు లోడ్ రోజూ పెరిగి తగ్గేదైతే, వేడి చల్లారుల వల్ల గానీ కంప్రెసర్ కదలికల వల్ల గానీ, ఫటీగ్ (లోడ్ పదేపదే మారి పగుళ్లు రావడం) చూడాలి. హాట్‌స్పాట్ పద్ధతిలో టో నుంచి 0.4 మందం, 1.0 మందం దూరాల్లో (మీకు 3.6, 9 మి.మీ.) ఉపరితల స్ట్రెస్ చదివి, మొదటిదాన్ని 1.67తో, రెండోదాన్ని 0.67తో గుణించి మొదటి దాంట్లోంచి రెండోది తీసేయండి. అవి 290, 250 అయితే టో దగ్గర 317. ఫటీగ్‌కి వాడాల్సింది లోడ్ మారినప్పుడు ఈ విలువ ఎంత ఊగుతుందన్నదే. స్థిరంగా ఉండే ప్రెజర్ వాటా అందులోకి రాదు.

లోడ్ కేసుల్లో ఒకటి తరచూ జారిపోతుంది: లోపల ప్రెజర్ లేకుండా పైపు లోడ్ మాత్రమే. ప్రెజర్ షెల్‌ని గుండ్రంగా పట్టి ఉంచుతుంది, గసెట్ కింద కంప్రెషన్‌ని కొంత చెరిపేస్తుంది. అది లేనప్పుడు బయటి ముఖం మీద −120 ఇంకా లోతుకి దిగుతుంది. వెసెల్‌కి వాక్యూమ్ కేసు కూడా ఉంటే బ్రాకెట్ లోపలికి తోసిన చోటే బక్లింగ్ (గోడ ఒక్కసారిగా లోపలికి కుంగడం) మొదలవుతుంది. దానికి లీనియర్ లెక్క చాలదు: వెసెల్‌కి అనుమతించిన గుండ్రతనపు లోపాన్ని మోడల్‌లో పెట్టి, బ్రాకెట్ లోడ్ ఉంచి, బయటి ప్రెజర్‌ని మెల్లగా పెంచుతూ నాన్‌లీనియర్‌గా నడపాలి. హైడ్రోటెస్ట్‌లో (నీళ్లు నింపి ప్రెజర్ పెట్టే పరీక్షలో) పైపు లేకపోతే ఆ కేసుకి బ్రాకెట్ లోడ్ సున్నా పెట్టండి, ఉంటే నీళ్లతో నిండిన పైపు బరువు పెట్టండి. టెస్ట్ కొత్త వెసెల్ మీదే జరుగుతుంది కాబట్టి ఆ ఒక్క కేసుకి మందం 12 మి.మీ. తీసుకోవచ్చు.